చవకలో మదర్‌బోర్డు కొనడమెలా

ముందు బోర్డు కొనేయండి. ప్రాసెసర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఆలూ లేదు చూలూ లేదు అని వెనకటివాళ్లు ఎగతాళి చేశారు గానీ, సోమలింగం అని పేరు ముందే అనుకుంటే తప్పేముంది? ఎల్జీఏ 1700 సాకెట్‌లో రైజెన్ కూర్చోదని షాపు కుర్రాడు అంటే, వాడికి బేరం మీద ఆసక్తి లేదని గ్రహించి పక్క షాపుకి నడవండి.

నడవడమంటే గుర్తొచ్చింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒక్క షాపులో అడిగి ఊరుకునేవాడు అమాయకుడు. ప్రతి షాపులోనూ రేటు విజిటింగ్ కార్డు వెనక రాయించుకోండి. సాయంత్రానికి జేబులో పేకముక్కల్లా ఇరవై పోగవుతాయి. నూట యాభై రూపాయలు మిగిలినట్టు తేలుతుంది. పార్కింగూ, నాలుగు ఇరానీ చాయ్‌లూ లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక ఫీచర్లు. హెచ్610 బోర్డుకి ర్యామ్ స్లాట్లు రెండే. నామోషీ. నాలుగు స్లాట్లున్న బీ760 తీసుకుని, దానికయ్యే అదనపు డబ్బు ర్యామ్‌లో కోసేయండి. రెండు 8 జీబీలకు బదులు ఒక్కటే పెడితే డ్యూయల్ చానల్ పోతుంది, పోనీండి. మిగతా మూడు స్లాట్లూ ఖాళీగా ఉంటే ఇల్లు విశాలంగా ఉన్నట్టుంటుంది.

పాత కంప్యూటర్లోని డీడీఆర్4 ర్యామ్ పారేయకండి. కొత్త బోర్డు డీడీఆర్5 అయినా సరే. రెండింటికీ 288 పిన్నులే కదా! గాటు మాత్రం వేరేచోట ఉంటుంది. అందుకే ఎక్కకపోతే ఇంకాస్త గట్టిగా నొక్కమన్నారు.

ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే కళ్లు మూసుకుని కొనండి, ధర తక్కువ. ఐ3 12100ఎఫ్‌లో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి, మీరు అన్ని షాపులూ తిరిగి ఏరి తెచ్చిన బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు అలంకారానికి పనికొస్తుంది. నా మొదటి అసెంబ్లింగ్‌లో నేను చేసిందిదే. ఫ్యాను తిరుగుతుంది, ఎర్రలైటు వెలుగుతుంది, తెర మాత్రం అమావాస్య. కేబుల్ మార్చాను, మానిటర్ మార్చాను, కొబ్బరికాయ కూడా కొట్టాను. రెండు రోజుల తర్వాత మా మేనల్లుడొచ్చి గ్రాఫిక్స్ కార్డు ఏదీ అన్నాడు.

పాత స్టాకు బీ450 చవగ్గా దొరికితే వదలకండి. రైజెన్ 5600 పెడితే లేవదు, బయాస్ పాతది. అప్‌డేట్ చేయాలంటే ఆ బోర్డు ఎరిగిన పాత ప్రాసెసర్ ఇంకోటి కావాలి, అదీ కొనేయండి. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో పనైపోతుంది, కానీ దానికి కాస్త ఎక్కువ చెబుతారు. మోసపోకండి.

చివరగా, బిల్లు వద్దనండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుంది. బోర్డు పోయిన రోజున మూడేళ్ల వారంటీకి సర్వీస్ సెంటర్‌లో బిల్లు అడుగుతారు. జేబులో విజిటింగ్ కార్డులు ఇరవై ఉన్నాయి కదా, వరసగా తీసి చూపించండి.