కరివేపాకు స్థానభ్రంశ శాస్త్రం

శాస్త్రారంభంలో ప్రయోజనం చెప్పడం పెద్దల సంప్రదాయం. ఈ శాస్త్రానికి ప్రయోజనం పప్పులోకి పోపు. అధికారి, అనగా దీన్ని చదవడానికి అర్హుడు, మూకుట్లో ఆవాలు చిటపటలాడుతుండగా "ఏమండీ, కాస్త కరివేపాకు పట్టుకొస్తారా?" అని పిలిపించుకున్న ప్రతి గృహస్థూ.

ముందు నామనిర్ణయం. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో దీన్ని స్థానభ్రంశం అన్నారు. వినడానికి నెల్లూరు గుమాస్తాని శ్రీకాకుళం బదిలీ చేసినట్టుంటుంది గానీ అర్థం సులువే. బయల్దేరిన చోటి నుంచి తేలిన చోటికి గీసిన తిన్నని గీత. ఎంత పొడవు, ఏ దిక్కు, ఈ రెండే దానికి కావాలి. మధ్యలో మీరు నడిచిన దారిని, దాటిన గుంటల్ని, అదిలించిన కుక్కల్ని అది కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెట్టేస్తుంది. ఇలా పొడవూ దిక్కూ రెండూ ఉన్నదాన్ని సదిశ అంటారు. ఇంగ్లీషువాళ్ల వెక్టర్ ఇదే. లాటిన్‌లో ఆ మాటకు మోసేవాడు అని అర్థం. మలేరియాని మోసుకొచ్చే దోమనీ డాక్టర్లు వెక్టరే అంటారు. సంచీ మోసేవాణ్ణి నేను. శాస్త్రదృష్టిలో నాకూ దోమకూ భేదం లేదు.

ఇక ఉదాహరణం. మొన్న ఆదివారం మా గేటు దగ్గర మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న సందు వంకర సందు. తూర్పు నుంచి ఉత్తరానికి 37 డిగ్రీలు ఒరిగి ఉంటుంది (లెక్కల మాస్టార్లకు ఈ 37 అంటే ఎందుకంత ముద్దో ఇప్పుడే తెలుస్తుంది). అందులో 150 మీటర్లు నడిచాను. కొట్టు మూసి ఉంది. అక్కణ్ణుంచి నేరుగా ఉత్తరానికి 310 మీటర్లు, గుడి దాకా. గుడి దగ్గర బండి అమ్మాయి "ఇప్పుడే అయిపోయింది బాబాయ్" అంది. ఇక పడమటికి 420 మీటర్లు నడిస్తే కూరగాయల మార్కెట్టు. మొత్తం 880 మీటర్లు, ఒక చెప్పు తెగింది.

ఇప్పుడు అంశాలుగా విడగొట్టాలి. అంశమంటే భాగమే. ఏ నడకనైనా తూర్పు ఖాతాలో ఇంత, ఉత్తరం ఖాతాలో ఇంత అని అన్నదమ్ముల వాటాల్లా పంచెయ్యడం. వంకర సందులో 150ని కాస్ 37తో హెచ్చిస్తే తూర్పు వాటా 120, సైన్ 37తో హెచ్చిస్తే ఉత్తరం వాటా 90. చిల్లర దాదాపు లేకుండా పంపకం కుదిరింది, అందుకే ఆ ముద్దు. గుడి దాకా నడక అంతా ఉత్తరానిదే. మార్కెట్టు దాకా నడక తూర్పు ఖాతాలో అప్పు, అంటే మైనస్ 420. కూడితే తూర్పు మైనస్ 300, ఉత్తరం 400.

ఈ రెంటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 500 మీటర్లు. త్రిభుజంలో ఈ పెద్ద భుజం పేరు కర్ణం. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల ఉద్యోగాలు 1984లో పోయాయి గానీ ఈ కర్ణంగారి ఉద్యోగం పదిలం. యజ్ఞవేదికల కోసం తాళ్లు పట్టి కొలిచిన బోధాయనుడి శుల్బసూత్రాల నాటినుంచీ ఆయన కొలువులోనే ఉన్నాడు.

పరిమాణం తేలింది. దిక్కు దగ్గరే గ్రంథం రసకందాయంలో పడుతుంది. ఉత్తరాన్ని తూర్పుతో భాగించి, క్యాలిక్యులేటర్లో టాన్ ఇన్వర్స్ నొక్కాను. మైనస్ 53 డిగ్రీలంది. అంటే తూర్పు నుంచి దక్షిణానికి దిగాలి, ఆగ్నేయం. మా గేటు నుంచి ఆగ్నేయంగా 500 మీటర్లు పోతే చెరువులో తేలతాం.

పూర్వపక్షి మా ఆవిడ. "ఆగ్నేయమంటే వంటిల్లు. మార్కెట్టు వాయవ్యంలో కదండీ!" అంది. యంత్రం తరఫున నేను కాసేపు వాదించాను, కరివేపాకు చివరికి చేరేది వంటింటికే కదా అని. వాదం నిలవలేదు. దోషం నాదే. మైనస్ 300తో 400ని భాగించినా, 300తో మైనస్ 400ని భాగించినా వచ్చేది ఒకటే అంకె. మైనస్ పైదో కిందదో యంత్రానికి తెలియదు. అలాగే రెండూ ధనమైనా, రెండూ రుణమైనా దానికి ఒకటే. ఈశాన్యానికీ నైరుతికీ తేడా తెలియని యంత్రాన్ని మన ఇళ్లలో ఎవరైనా శంకుస్థాపనకు పిలుస్తారా? వాస్తు పంతుళ్లు ఏనాడో నాలుగు మూలలకూ నాలుగు పేర్లు పెట్టుకుని, లెక్కల్లో పాదాలనే ఈ మూలల గొడవ తేల్చేసుకున్నారు. సిద్ధాంతం: ముందు గుర్తులు చూసి మూల ఏదో తేల్చుకో, తర్వాతే మీట నొక్కు. తూర్పు రుణమై ఉత్తరం ధనమైతే అది వాయవ్యం. కనుక 180 కలపాలి, 127 డిగ్రీలు. అంటే పడమటి నుంచి ఉత్తరానికి 53.

మూడో అంశం ఒకటుంది, నిలువు. మాది నాలుగో అంతస్తు, 12 మీటర్ల ఎత్తు. మా గుమ్మం సరిగ్గా గేటు నెత్తిమీద ఉందనుకుని 500 వర్గానికి 12 వర్గం కలిపి మూలం తీశాను. 500 మీటర్ల 14 సెంటీమీటర్లు. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యలేదు. నాలుగు అంతస్తుల మెట్లకు కర్ణంగారు రాసుకున్నది జానెడు కూడా లేదు! మోకాళ్లకు న్యాయం చేసే గణితం ఇంకా పుట్టాల్సే ఉంది.

నడక వృథా అనుకోకండి. సదిశలకు ఇప్పటికీ వాడే ఐ, జె, కె అనే గుర్తులు గణితవేత్త హామిల్టన్‌కు 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలువ గట్టు మీద భార్యతో నడుస్తుండగానే తట్టాయి. ఆగలేక వంతెన రాతిమీద సూత్రం చెక్కేశాడు. ఆవిడ ముఖం ఎలా పెట్టి ఉంటుందో నేను ఊహించగలను.

వచ్చిన దారినే తిరిగొచ్చాను. మొత్తం 1,760 మీటర్లు, మెట్లు విడిగా. స్థానభ్రంశం సున్నా. "గంటసేపు ఎక్కడికెళ్లారు?" అంటే, "శాస్త్రప్రకారం ఎక్కడికీ వెళ్లలేదు" అన్నాను. అప్పటికే పప్పులో పోపు పడి ఉంది, అందులో పచ్చగా కరివేపాకు. కింద వాచ్‌మన్ గది పక్కనున్న చెట్టుదట.

కొలిచి చూశాను. ఆ చెట్టు గేటుకు తూర్పుగా 3 మీటర్లు, ఉత్తరంగా 4 మీటర్లు. దిక్కు మీరే కట్టుకోండి. రెండూ ధనమే కాబట్టి క్యాలిక్యులేటర్‌ని నమ్మవచ్చు.