గోడ దూకిన జామర్, డాబా ఎక్కిన బూస్టర్

హైదరాబాద్ చంచల్‌గూడ జైల్లో సెల్‌ఫోన్ జామర్లు పెట్టింది లోపలివాళ్ళు బయటివాళ్ళతో మాట్లాడకుండా ఉండటానికి. బయటివాళ్ళు బయటివాళ్ళతో మాట్లాడలేకపోవడం అందులో కొసరు. రేడియో తరంగానికి జైలు గోడ ఎక్కడుందో తెలియదు. పవర్ కాస్త పెరిగినా, యాంటెన్నా కాస్త పక్కకు తిరిగినా ఏ కోర్టూ శిక్ష వెయ్యని వీధుల్లోనూ శిక్ష అమలైపోతుంది. ఆ చుట్టుపక్కల కాపురముండేవాళ్ళు ఈ సంగతి ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. ఫోన్‌లో కాదు, మనిషి వెళ్ళి.

మన దేశంలో జామర్ ఎవరుబడితే వాళ్ళు కొనే సరుకు కాదు. ప్రభుత్వ శాఖలు, భద్రతా దళాలు, జైళ్ళలాంటివాటికే ఆ భాగ్యం. దానికీ ఢిల్లీ కేబినెట్ సెక్రటేరియట్ నుంచి అనుమతి రావాలి. తయారుచేసే ప్రభుత్వ రంగ సంస్థల్లో ఒకటి మన ఊళ్ళోని ఈసీఐఎల్. జామ్‌ల విషయంలో హైదరాబాద్ ఏనాడో స్వయంసమృద్ధి సాధించింది. అనుమానం ఉన్నవాళ్ళు సాయంత్రం ఆరింటికి నయాపుల్ మీద నిలబడి చూడొచ్చు.

దేశంలో చాలా జైళ్ళు జామర్లు కొన్నది 2జీ రోజుల్లో. తర్వాత 3జీ, 4జీ వచ్చాయి. ఖైదీ ఫోన్ మార్చాడు, జామర్ మారలేదు.

జామర్ లేని చోట మాత్రం సిగ్నల్ వెల్లువెత్తుతోందా అంటే, పాతబస్తీ లాడ్‌బజార్‌కు వెళ్ళాలి. ఇరుకు గల్లీ, మందపాటి పాతగోడలు, పైన రేకులు. గాజుల బేరం ముగుస్తుంది, డబ్బు కట్టడమే ముగియదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసిన ఆవిడ ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆవిడ చెయ్యి పైకెత్తుకుని రోడ్డు మీదికి నడుస్తుంది. కొట్టాయన గాజుల డబ్బా చంకలో పెట్టుకుని వెనకే నడుస్తాడు. పక్క కొట్టు నుంచి ఉచిత సలహా వస్తుంది: "అరే మియా, బూస్టర్ లగాలో!"

బూస్టరంటే అరచేతి కన్నా కాస్త పెద్ద పెట్టె. ముందు రెండు ఆకుపచ్చ లైట్లు, డాబా మీద చేపముల్లులాంటి యాంటెన్నా, కిటికీ సందులోంచి దిగే నల్ల కేబుల్. టవర్ మాటను పెంచి ఫోన్‌కు, ఫోన్ మాటను పెంచి టవర్‌కు చేరవేస్తుంది. పైన యాంటెన్నాకూ లోపలి యాంటెన్నాకూ తగినంత ఎడం లేకపోతే తన అరుపు తానే విని, పెళ్ళి పందిట్లో మైకు కూసినట్టు కూస్తుంది. ఆ రొద టవర్ రిసీవర్ చెవిలో పడితే చుట్టుపక్కల ఫోన్ల గొంతు దానికి వినపడదు. కాల్స్ తెగిపోతాయి. దాంతో పక్కింటాయన కూడా ఒక బూస్టర్ కొంటాడు.

చట్టానికి ఇది కొత్తేమీ కాదు. లైసెన్సు లేని వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉంచుకోవడమే తప్పని 1933లోనే ఒక చట్టం వచ్చింది. టెలికాం కంపెనీలు తప్ప ఇంకెవరూ బూస్టర్ పెట్టుకోకూడదు, అమ్మకూడదు, వాడకూడదు, ప్రైవేటువాళ్ళకు జామర్ అసలే కుదరదు అని 2022 జులైలో కేంద్ర టెలికాం శాఖ మరోసారి చాటింపు వేసింది. ఆన్‌లైన్ అంగళ్ళకూ హెచ్చరిక వెళ్ళింది.

అమెరికాలో అయితే జామర్ తప్పుకు బిల్లు గట్టిగానే పడుతుంది. రోడ్డు మీద ఎవరూ ఫోన్ మాట్లాడుతూ కారు నడపకూడదని ఫ్లోరిడాలో ఒక సంఘసంస్కర్త తన కారు సీటు కవర్ వెనక జామర్ పెట్టుకుని తిరిగాడు. ఆపడానికి వచ్చిన పోలీసుల వైర్‌లెస్ సెట్లే మూగబోయాయి. జరిమానా 48,000 డాలర్లు.

మరి పాతబస్తీకి దారేది? కొత్త టవర్. ఆ మాటెత్తగానే బస్తీ పెద్దలు లేస్తారు: రేడియేషన్! 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో టవర్ రేడియేషన్ పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతే. 2019 అక్టోబర్ నుంచి టెలికాం పరికరాలకు దశలవారీగా ప్రభుత్వ పరీక్షలూ తప్పనిసరి అయ్యాయి: పక్క పరికరానికి అడ్డొస్తుందా, షాక్ కొడుతుందా అని ల్యాబ్‌లో తేలాలి. ఈ లెక్కలేవీ నమ్మని ఆసామి, బిల్లు లేని పెట్టె మీది 'సర్టిఫైడ్' స్టిక్కర్‌ను మాత్రం పూర్తిగా నమ్ముతాడు. ఎవరు సర్టిఫై చేశారో స్టిక్కర్ చెప్పదు, అతను అడగడు.

టెలికాం కంపెనీవాళ్ళు సర్వేకు వచ్చి, గల్లీ మొత్తానికి ఎత్తైన డాబా చూసి, అద్దె ఇస్తాం, ఒక చిన్న టవర్ పెట్టుకోనివ్వండని అడుగుతారు. పిల్లలున్న ఇల్లు, కుదరదు పొమ్మంటాడు యజమాని. అప్పటికే ఆ డాబా మీద చేపముల్లు యాంటెన్నా ఎండకు తళతళలాడుతూ ఉంటుంది. దాని కేబుల్ కిటికీలోంచి దిగి, పిల్లల మంచం తలాపున ఉన్న పెట్టెలోకి వెళ్తుంది.