బ్రిడ్జి ఆట నడిపేవాళ్లు వినకూడని సలహాలు

కువైట్‌లోని అర్దియాలో ఇళ్లలో డ్రైవర్లుగా పనిచేసే మనవాళ్లకు శుక్రవారం సెలవంటే చాలాసార్లు మధ్యాహ్నం దొరికే నాలుగైదు గంటలే. ఫహాహీల్ నుంచి వచ్చేవాళ్ల సెలవులో రానూపోనూ దారి కొంత తినేస్తుంది. ఆ కాస్త తీరికలో నాలుగు టేబుళ్లు వేసి డూప్లికేట్ బ్రిడ్జి ఆడించాలని ముందుకొచ్చేవాళ్లంటే నాకు గౌరవం. రమ్మీ ఆడిన చేతులకు పదమూడు ముక్కలు అలవాటే. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు చిన్నప్పటి నుంచి తెలిసినవే. ఇక్కడ తేడా ఏమిటంటే, పంచిన ముక్కలు బోర్డులోని అరల్లో అలాగే ఉండి టేబుల్ నుంచి టేబుల్‌కు వెళ్తాయి. అవే ముక్కలతో ఎవరెంత రాబట్టారన్నదే పోటీ. అందుకని మనుషులూ బోర్డులూ ఒక లెక్క ప్రకారం తిరగాలి, ఒక వేళ ప్రకారం నడవాలి. ఈ రెండు విషయాల్లోనూ ఆట నడిపే డైరెక్టరుకు సలహాలిచ్చేవాళ్లకు కొదవుండదు. ఆ సలహాల్లో కొన్ని ఆటను నిజంగానే చెడగొడతాయి.

"ఎన్ని టేబుళ్లయితే ఏముందన్నా, మిచెల్ పెట్టేయ్." అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా ఇది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో జాన్ మిచెల్ విస్ట్ ఆట కోసం కట్టిన పద్ధతి మిచెల్. ఉత్తర-దక్షిణ జంటలు కూర్చున్నచోటే ఉంటాయి. తూర్పు-పడమర జంటలు రౌండుకొక టేబుల్ చొప్పున పై నంబరుకు వెళ్తాయి, బోర్డులు ఒక టేబుల్ చొప్పున కింది నంబరుకు వస్తాయి. టేబుళ్లు ఏడో తొమ్మిదో ఉంటే, అంటే బేసి సంఖ్యలో ఉంటే, ఇంతకన్నా చక్కని ఏర్పాటు లేదు. సరి సంఖ్య అయితే తంటా వస్తుంది. ఎనిమిది టేబుళ్లున్నాయనుకోండి. ఒకటో టేబుల్ దగ్గర ఒకటో కట్ట బోర్డులు ఆడిన జంట ఐదో రౌండుకు ఐదో టేబుల్ చేరుతుంది. పైనుంచి తిరిగి దిగుతూ వచ్చిన ఒకటో కట్ట కూడా సరిగ్గా అప్పటికి అక్కడే ఉంటుంది. ఆడేసిన ముక్కలే మళ్లీ చేతికొస్తాయి. అందుకే నాలుగో రౌండు అయ్యాక తూర్పు-పడమర జంటలన్నీ ఒక టేబుల్ దాటుకుని ఆ పైదానికి వెళ్లాలి, మొత్తం ఏడు రౌండ్లతో ఆపాలి. ఈ దాటడాన్ని మూడో రౌండప్పుడే గట్టిగా ప్రకటించండి. అందరూ కుర్చీల్లో సర్దుకున్నాక లేపితే గది అంతా గందరగోళమే.

నాలుగు టేబుళ్లే పడితే మిచెల్ జోలికే పోవద్దు. మూడో రౌండుకే పాత బోర్డులు ఎదురవుతాయి. దానికి ఎడ్విన్ హోవెల్ పేరుతో ఉన్న పద్ధతి ఉంది. ఎనిమిది జంటలు, ఏడు రౌండ్లు, ప్రతి జంటా మిగతా ఏడు జంటలతోనూ ఆడుతుంది, గెలిచేది ఒక్క జంట. మూడు టేబుళ్లయితే ఆరు జంటలు, ఐదు రౌండ్లు. "హోవెల్లో ఎవరెక్కడికి వెళ్లాలో తెలియదు, కొత్తవాళ్లు బెదిరిపోతారు" అంటారు. ప్రతి టేబుల్ మీదా తర్వాత ఎక్కడికి వెళ్లాలో రాసిన గైడ్ కార్డు అంటించి ఉంటుంది. కువైట్ బస్సు నంబర్లు చదువుకుని పనికి వెళ్లొచ్చే మనుషులు ఆ కార్డు చదవలేరా?

టేబుళ్ల లెక్క ఎవరెవరు వచ్చారో చూశాకే తేల్చండి. వస్తామన్నవాళ్ల జాబితా చూసి ముందు రాత్రే నిర్ణయించవద్దు. యజమాని పిలిస్తే ఆటకు బయల్దేరిన డ్రైవరు సగం దారిలోంచి వెనక్కి తిరుగుతాడు. అతన్ని తప్పుపట్టలేం. నాలుగుకూ ఐదుకూ సరిపడా గైడ్ కార్డులు రెండు రకాలూ దగ్గర పెట్టుకోవడం మీ పని.

"ఒక జంట మిగిలితే ఇంటికి పంపేయ్" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. అంత దూరం వచ్చినవాళ్లను పంపేయడమేమిటి? ఏడు జంటలొస్తే ఎనిమిదోది ఉన్నట్టే అనుకుని హోవెల్ నడపండి. ఒక్కో జంటకు ఒక్క రౌండు మాత్రమే ఖాళీ వస్తుంది, అప్పుడు టీ తాగుతారు. ఇంకా మంచిది, చూడటానికి వచ్చినవాళ్లలో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మీరే ఆ జంటగా ఆడండి.

"పెద్దాయన్ను కదిలించకూడదు" అనేది కూడా అలాంటిదే. మోకాళ్ల నొప్పులున్నవారికి, వయసు మీదపడినవారికి కదలని కుర్చీ ఇవ్వాలి, అందులో సందేహం లేదు. హోవెల్లో కూడా ఒక జంట కదలకుండా ఉండే వీలుంది. ఆ కుర్చీ హోదాను బట్టి పోకూడదు. కంపెనీలో మేనేజరైనా, ఇంట్లో వంటమనిషైనా, గదిలోకి వచ్చాక ఒక జంటలో సగం అంతే.

ఇక అసలు సంగతి, వేళ. "కువైటీ మగవాళ్లు కూడే దివానియాలో చూడలేదా, కౌట్ బో సిత్తా పేకాట రాత్రంతా ఎంత నింపాదిగా ఆడతారో! మనకెందుకు తొందర?" ఆ ఆటలో ఆరుగురు ఒకచోట చుట్టూ కూర్చుంటారు, ముగ్గురు ఒక పక్షం, ముగ్గురు ఒక పక్షం. ఒకరు ఆలస్యం చేస్తే కాచుకునేది మిగతా ఐదుగురే. డూప్లికేట్‌లో ఒక టేబుల్ ముగించకపోతే రౌండు మారదు. ఎనిమిది టేబుళ్ల ఆటలో ఒక్క టేబుల్ ఐదు నిమిషాలు సాగదీస్తే ఇరవై ఎనిమిది మంది ఐదేసి నిమిషాలు పోగొట్టుకుంటారు. అవి వాళ్ల సెలవులోంచి పోయే నిమిషాలు. ఆరు గంటలకు బండి తీయాల్సిన మనిషి చివరి రౌండు వదిలేసి లేచిపోతే, తప్పు అతనిది కాదు.

బోర్డుకు ఏడున్నర నిమిషాలు వేసుకోండి. హోవెల్ ఏడు రౌండ్లలో రౌండుకు నాలుగు బోర్డులు పెడితే ఇరవై ఎనిమిది, అంటే మూడున్నర గంటలు. మూడు పెడితే ఇరవై ఒకటి, రెండు గంటల నలభై నిమిషాల లోపు. అర్దియా శుక్రవారానికి మూడే సరిపోతాయి. "నాలుగు పెట్టు, ఎన్నయితే అన్ని" అనేవాళ్లు ఇంటికి నడిచి వెళ్లగలిగినవాళ్లు.

"ఆలోచించేవాణ్ణి తొందరపెట్టకు" అనే సలహా వినడానికి బాగుంటుంది. నిజానికి ఆలోచనతో పోయే సమయం తక్కువ. ఆట అయిపోయాక ఆఠీను రాజును ఎందుకు దాచావని భాగస్వామిని నిలదీయడంతో పోయేదే ఎక్కువ. ముక్కలు టేబుల్ మీద పరిచేసిన డమ్మీ టీ కోసం లేచి వెళ్లడంతో, స్కోరు రాయడం మరిచిపోవడంతో ఇంకొంత పోతుంది. చర్చ అంతా చివర్లో పెట్టుకోమని మొదటే చెప్పండి. అతిగా ఆగి ఆడటంలో ఇంకో చిక్కు ఉంది. బిడ్డింగులో ఒకరు చాలాసేపు ఆగి పాస్ అన్నారంటే చేతిలో ఏదో ఉందని భాగస్వామికి తెలిసిపోతుంది. ఆ ఆగడం చెప్పిన సంగతిని వాడుకోవడం బ్రిడ్జి నియమాల ప్రకారం తప్పు. ఒకే తీరున ఆడమనడం మర్యాదకూ న్యాయానికీ సంబంధించిన విషయం.

దీనికి ఎదురు చివర ఉన్న సలహా కూడా వినకండి: "గంట కొట్టు, ఆలస్యమైతే ఇద్దరికీ సున్నా వెయ్." భయపెడితే కొత్తవాళ్లు మళ్లీ రారు. రౌండు ముగియడానికి ఐదు నిమిషాలుందనగా ఒకసారి చెప్పండి, ఆ తర్వాత కొత్త బోర్డు తెరవనివ్వకండి. తెరవని బోర్డుకు నియమాల్లోనే దారి ఉంది: ఆలస్యానికి కారణమైన జంటకు నలభై శాతం, ఏ తప్పూ లేని జంటకు అరవై. నెమ్మదిగా ఆడే కొత్త జంట పక్కన ఒక రౌండు నిలబడి, పట్టులు ఎలా వరసగా పెట్టుకోవాలో చూపిస్తే వచ్చే వారానికి వాళ్లే వేగం అందుకుంటారు.

"ముక్కలు లెక్కపెట్టడం వృథా" అంటారు కొందరు. చేతిలోకి తీసుకోగానే, చూడకముందే, పదమూడు లెక్కపెట్టడం నియమం. ఒకరికి పన్నెండు, ఒకరికి పద్నాలుగు వచ్చిన బోర్డును ఆట సగంలో సరిదిద్దడానికి పట్టే సమయంలో ఇంకో బోర్డు ఆడేయొచ్చు.

"పందెం లేకపోతే మజా ఏముంది" అన్నవాళ్లకు ఒకటే జవాబు. కువైట్‌లో జూదం నేరం. దొరికితే ఆ మనిషి ఉద్యోగం పోతుంది, ఇంటి దగ్గర అతన్ని నమ్ముకున్నవాళ్ల బతుకూ చెదురుతుంది. ఆ మాట ఎత్తినవాళ్లను రెండోసారి పిలవకండి.

నమాజు వేళను, తిండిని రౌండ్ల మధ్యే పెట్టండి. మీ గ్రూపులో గురువారం రాత్రి పంపే సందేశంలో మొదటి బోర్డు తెరిచే వేళతో పాటు ఆఖరి బోర్డు మూసే వేళ కూడా రాయండి. రాసిన వేళకు ఆపండి.