9.2 ఫారం లేని ఆఫీసు

ఆఫీసుల్లో గొడవలకు ఈమధ్య కొత్త వైద్యం వచ్చింది. గుమాస్తా కళ్లు మూసుకుని వెనక్కి పడాలి. సూపరింటెండెంటు వెనక నిలబడి పట్టుకోవాలి. అంతటితో ఇద్దరి మధ్యా నమ్మకం మొలుస్తుందట. ఆ గుమాస్తా ఇంక్రిమెంటు ఫైలు ఏడాదిగా అదే సూపరింటెండెంటు సొరుగులో పడి ఉంది. పట్టుకోవాల్సింది దాన్ని కదా అని ఎవరైనా అన్నారో, 'నెగెటివ్ మనిషి' అని ముద్ర పడిపోతుంది.

వైద్యుడుగారు పొద్దున పదింటికి ఏసీ హాల్లో ల్యాప్‌టాప్ తెరుస్తారు. తెరమీద మొదటి బొమ్మ చీమల బారు. చూశారా ఎంత ఐకమత్యమో, అంటారు. చీమలకు సీనియారిటీ జాబితా లేదు, బదిలీల సీజనూ లేదు, వాటి ఐకమత్యానికేం! తర్వాత అయిదు గళ్ల పటం వస్తుంది. 1974లో థామస్, కిల్మన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేసిన పరీక్ష అది. గొడవ వస్తే మీరు పోటీకి దిగుతారా, సర్దుకుపోతారా, తప్పుకుంటారా, సగానికి రాజీ పడతారా, కలిసి కూర్చుని తేల్చుకుంటారా? టిక్కు పెట్టండి, మీ స్వభావం బయటపడుతుంది. పరీక్ష మంచిదే కావచ్చు. మన దగ్గర మాత్రం టిక్కు ఏ గడిలో పడాలన్నది ఎదుటి కుర్చీ ఎత్తు నిర్ణయిస్తుంది. ఆటోస్టాండులో అయిదు రూపాయల కోసం పోటీ గడిలో నిలబడి అరిచినాయనే, జాయింట్ డైరెక్టరుగారి గది తలుపు తోసేసరికి సర్దుబాటు గడిలోకి జారిపోతాడు.

భోజనాలకు లేచే ముందు అసలు సూత్రం చెబుతారు: గొడవలన్నిటికీ మూలం కమ్యూనికేషన్ గ్యాపేనట.

ఈ సూత్రాన్ని తుళ్లూరు మండలంలో నిలబడి చెప్పడానికి బోలెడు ధైర్యం కావాలి. 2015లో ఇక్కడ రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు రైతు ముందు రెండు కాగితాలు ఉండేవి. భూమి ఇవ్వడం ఇష్టమైతే 9.3 ఫారం, అభ్యంతరముంటే 9.2. ఉండవల్లి, పెనుమాక రైతులు చాలామంది 9.2 ఇచ్చారు. వాళ్ల మాట ఎంతమేరకు విన్నారన్నది వేరే రామాయణం, అది కోర్టు మెట్లు కూడా ఎక్కింది. కానీ గమనించండి, 'కాదు' అనేవాడు ఒకడుంటాడని సర్కారువారు ముందే ఊహించి, ఆ 'కాదు'కి ఓ నంబరిచ్చి, కాగితం అచ్చు వేయించారు. ఏ టీమ్ బిల్డింగ్ హాల్లోనైనా మీకు 9.2 ఫారం కనబడిందా? అక్కడ పంచిపెట్టేవన్నీ 9.3లే. సంతకం కూడా అక్కర్లేదు, చప్పట్లు చాలు.

సరే, 9.3 ఇచ్చినవాళ్ల సంగతి చూద్దాం. 33,000 ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్టకు ఎకరానికి ఏటా 30,000 రూపాయల కౌలు, నీటివసతి ఉన్న జరీబు భూమికి 50,000, ఏడాదికి పది శాతం పెంపు, పదేళ్లపాటు. మెట్ట ఎకరానికి బదులుగా వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. ఇంతకంటే పెద్ద 'కొలాబరేషన్' ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. అది నిలబడింది ఎవరో ఎవరినో వెనక్కి పడకుండా పట్టుకోవడం వల్ల కాదు, గజాలూ రూపాయలూ కాగితం మీద ఉండబట్టి. ఆ కాగితానికే ఎసరు పెడుతూ 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. తుళ్లూరులో, మందడంలో రైతుల నిరసన టెంట్లు లేచాయి. ఇందులో కమ్యూనికేషన్ గ్యాప్ ఎక్కడుంది? సమాచారం శుభ్రంగా అందింది. అందబట్టే టెంట్లు వేశారు.

టెంట్లలో కూర్చున్నవాళ్లను పెయిడ్ ఆర్టిస్టులన్నారు. ఆఫీసు భాషలో దాన్నే 'యాటిట్యూడ్ ప్రాబ్లం' అంటారు. జీ.ఎన్. రావు కమిటీ నివేదిక వచ్చింది, బోస్టన్ కన్సల్టింగ్ గ్రూపు నివేదిక వచ్చింది, వాటిని పరిశీలించడానికి హైపవర్ కమిటీ వచ్చింది. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు మాత్రం రైతుల మనోభావాలకు వర్క్‌షాపు పెట్టమనలేదు. కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం ప్లాట్లు అభివృద్ధి చేసి ఇమ్మంది.

అదంతా రాజకీయం, ఆఫీసు వేరు అంటారా? అయితే ఇదే మండలంలోని వెలగపూడికి రండి. 2016లో సచివాలయ ఉద్యోగులు హైదరాబాదు వదిలి ఇక్కడికి రావాలన్నప్పుడు ఎంత గొణుగుడు, ఎన్ని వాయిదాలు! పిల్లల స్థానికత పోతుందన్నారు, ఇంటద్దె భత్యం తగ్గుతుందన్నారు, కుటుంబాలు అక్కడ మేమిక్కడ అన్నారు. ఉద్యోగ సంఘాలు ఒక్కో అభ్యంతరాన్నీ బల్ల మీద పెట్టాయి. ఒక్కోదానికీ ఒక్కో జవాబు రాబట్టాయి. స్థానికత కోసం రాష్ట్రపతి ఉత్తర్వులే సవరించారు. అద్దె భత్యం 30 శాతం, వారానికి అయిదు రోజుల పని, వెళ్లి రావడానికి రైలు. అయిదు రోజుల పని మాటకొస్తే ఒక్క ఏడాదికన్నది ఏటా పొడిగిస్తూనే పోయారు, అది చూసి జిల్లాల్లోని ఉద్యోగులు కుళ్లుకోవడం న్యాయమే. అయినా బండి కదిలింది కదా. ఈ బేరంలో ఎక్కడా ఆటల పేరుతో బెలూన్లు ఊదించలేదు.

మిరప కోతకు వచ్చే కూలీల ముఠాకు ఈ బేరమాడే విద్య పుట్టుకతో వచ్చు. కూలి ఎంత, దారి ఖర్చు ఎవరిది అన్నది చేలో అడుగుపెట్టకముందే గట్టు మీద తేలాలి. రైతు ఓ మాటంటాడు, మేస్త్రి రెండంటాడు, మధ్యలో వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు కూడా వేస్తాడు. తేలాక దిగుతారు.

చదువుకున్నవాళ్లకు ఇది మోటుగా కనిపిస్తే, వాళ్లకూ ఓ ఏర్పాటు ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే వర్క్స్ కమిటీ అని రాసిపెట్టారు. వంద మందికి తక్కువ కాకుండా కార్మికులున్న చోట ప్రభుత్వం దాన్ని పెట్టమని ఆదేశించవచ్చు. అందులో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం వారికంటే సంఖ్యలో తగ్గకూడదు. దాని పనేమిటయ్యా అంటే ఇరువర్గాల మధ్య సామరస్యం! చీమలను చూపించే తెర మీద ఈ మాట ఎందుకు రాదో నాకు తెలుసు. కమిటీ వేస్తే రెండో పక్షం చేతికి మైకు ఇవ్వాలి. వెనక్కి పడే ఆటలో ఆ ఇబ్బంది లేదు, ఎప్పుడూ పడేది ఒక్క పక్షమే.

సాయంత్రం నాలుగున్నరకు ఆ ఏసీ హాల్లో ఓ కాగితం పంచుతారు, శిక్షణ ఎలా ఉందో చెప్పమని. గళ్లు మూడే: బాగుంది, చాలా బాగుంది, అద్భుతం. అడుగున 'ఇతర సూచనలు' అని రెండు గీతలుంటాయి. అక్కడ మనవాళ్లు రాసేది ఒకటే, పోయినసారి శిక్షణ తాలూకు టీఏ బిల్లు ఇంకా పాస్ కాలేదని.