మూత తేలును, సీసా మునుగును

సీతంపేట సంతలో టీ తాగినవాడు కప్పు పారేసే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాడు. అప్పులవాళ్లకి భయపడి కాదు, మాస్టారికి భయపడి. కప్పు చేతిలోంచి జారడమూ, ఆయన గొడుగుచువ్వ దాని కడుపులో దిగడమూ ఒక్కసారే జరుగుతాయి. ఆపైన పాఠం.

"కాగితమే అనుకుంటున్నావా? లోపల గోకు. వచ్చిందా పొర? అది ప్లాస్టిక్కు."

గోకినవాడి గోటికింద నిజంగానే పొర వస్తుంది. ఈలోగా వాడి పాలకొండ బస్సు వెళ్లిపోతుంది.

ఊరికో ఉచిత హోమియో డాక్టరూ, పెళ్లిసంబంధాల పెద్దమనిషీ ఉన్నట్టే ఈమధ్య ఊరికో చెత్త మాస్టారు కూడా తయారవుతున్నారు. మా ఊరి మాస్టారు కొండమీది ఆశ్రమ పాఠశాలల్లో ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యారు. చెప్పడానికి పిల్లలు లేక ఊరిమీద పడ్డారు. భుజాన గోనెసంచి, చేతిలో బట్ట ఊడిన గొడుగుచువ్వ, జేబులో దారానికి కట్టిన స్పీకరు అయస్కాంతం, చంకలో పొడుగాటి పద్దుపుస్తకం. గిడుగు రామమూర్తి పంతులుగారి సవరభాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ తర్వాత సవరల మధ్య పుస్తకం పట్టుకు తిరిగింది తానేనని మాస్టారి లోపలి నమ్మకం. పైకి అనరు. ఫలానా తేదీ, ఫలానా కొట్టు ముందు, షాంపూ పొట్లాలు నలభై ఒకటి అని రాసుకుంటారు. 2022 ఏప్రిల్లో ఊరు శ్రీకాకుళం జిల్లాలోంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారినప్పుడు పాత పేజీలన్నిటి మీదా జిల్లా పేరు ఎర్రసిరాతో దిద్దుకున్న మనిషి.

ఆయన పేరుమోసిన ప్రయోగం గ్లాసుడు నీళ్లలో జరుగుతుంది. గ్లాసు ఎవరిదైనా ఫరవాలేదు. మంచినీళ్ల సీసాలోంచి కత్తెరతో ఒక ముక్క కోసి, మూతతోపాటు అందులో పడేస్తారు. "చూడు, మూత తేలింది. సీసా ముక్క మునిగింది. రెండూ ప్లాస్టిక్కే, కానీ జాతులు వేరు. కలిపి కరిగిస్తే దేనికీ కొరగావు. అందుకే విడదియ్యమనేది." శాస్త్రం అక్షరాలా నిజం. ఆ గ్లాసు మాత్రం మా బావగారిది. మాత్ర వేసుకుందామని నీళ్లు పోసుకున్నారాయన.

క్యారీబ్యాగయితే నీళ్లు కూడా అక్కర్లేదు, రెండు వేళ్లమధ్య రాస్తారు. 120 మైక్రాన్లకి తక్కువైన సంచి వాడకూడదన్న నిబంధన 2022 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. మాస్టారి వేళ్లకి ఆ తేదీ తెలుసు. ఒకరోజు కూరగాయల కొట్టతను అడిగాడు.

"మైకరానంటే ఏటి మాస్టారూ?"

"మిల్లీమీటరులో వెయ్యోవంతు."

"అంత సన్నంది మీ ఏలికి తెలిసిపోతాదేటి?"

ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

కొండ దిగివచ్చే సవర ముసలమ్మ దగ్గర మాత్రం పాఠం బొత్తిగా సాగదు. ఆవిడది వెదురుబుట్ట. అందులో అడ్డాకుల కట్ట, ఆ కట్టకి కట్టిన తాడూ అడ్డనారే. అనాసపళ్లు తమ తొక్కలో తామే ప్యాకై ఉన్నాయి. అంబలి ఆనపబుర్రలో ఉంది. మాస్టారు అలవాటుగా "తడిచెత్త, పొడిచెత్త వేరుచెయ్యాలమ్మా" అన్నారు. "సెత్తేదీ బాబూ?" అని ఆవిడ పాపం నిజంగానే బుట్టంతా వెతికింది. వెతికి, ఆయన గోనెలోకి చూసింది. "ఆ రెండు లీటర్ల సీసా ఇయ్యి బాబూ, జీలుగుకల్లుకి బాగుంటాది."

మాస్టారు ఇరుకున పడ్డారు. ఆ సీసా అప్పటికే పద్దులోకి ఎక్కింది. చివరికి ఇచ్చేసి, 'పునర్వినియోగం: కల్లు' అని రాసి, కల్లు కొట్టేసి 'ద్రవపదార్థం' అని దిద్దారు.

పంచాయతీల్లో 'చెత్త నుంచి సంపద' షెడ్లు చూసివచ్చి పెరట్లో తనూ ఒక వానపాముల తొట్టి కట్టారు. అనాసల కాలం. సంతలో మిగిలిన కుళ్లుపళ్లూ తొక్కలూ రెండు బస్తాలు ఒక్కసారే అందులో కుమ్మరించారు. ఆ పులుపు పడక వానపాములు రాత్రికి రాత్రే తొట్టి దాటిపోయి అమ్మగారి తులసికోట మొదట్లో మకాం పెట్టాయి. ఆ ఏడు తులసి ఏపుగా పెరిగింది.

మాస్టారికి లోకంలో ఒక్కడే శత్రువు, ఉల్లిపాయల బండివాడు. మోపెడ్‌కి మైకు కట్టుకుని, పాతినుముకీ పగిలిన బకెట్లకీ ఉల్లిపాయలిస్తానని వీధులు తిరుగుతాడు. "వాడిది వ్యాపారం, నాది సేవ" అంటారు మాస్టారు. రూపాయి పలికేదల్లా వాడు ముందే తూచుకుపోతాడు. సేవకి మిగిలేవి చిప్స్ కవర్లు. లోపల వెండిలా మెరిసే పూత, దానిమీద ప్లాస్టిక్ పొరలు. వాటిని విడదీసే ఓపిక ఏ తుక్కుకొట్టుకీ లేదు. సిమెంటు ఫ్యాక్టరీల్లో బొగ్గుతోపాటు మండిస్తారు గానీ, అక్కడిదాకా లారీ కిరాయి ఎవరిస్తారు? అందుకని పదకొండు బస్తాలు మాస్టారి పట్టెమంచం కింద ఉన్నాయి. ఆయన పక్కకి ఒత్తిగిలినప్పుడల్లా కింద కరకరమంటుంది. "నిద్దట్లో కూడా చిప్స్ తింటున్నట్టే ఉంటారు బాబూ" అంటారు అమ్మగారు.

ఆ బస్తాల్లో సగం ఆడలి వ్యూపాయింట్‌వి. వచ్చినవాళ్లు మంచుని ఫోన్లలో పట్టుకుపోయి కవర్లు ఇక్కడ ఒదిలేస్తారు. ఆదివారం సాయంత్రం ఆ మోకాళ్లతో, లోయ అంచు తుప్పల్లోకి చువ్వ చాపి ఒక్కో కవరూ పైకి లాగుతూ కనిపించారు ఒకసారి. నేను మాట్లాడకుండా నా చేతిలో ఉన్నది జేబులో పెట్టుకున్నాను. ఇంకా జేబులోనే ఉంది, ఇస్తే పాఠం చెబుతారని.

పోయిన నెల ఆయన పింఛను పనిమీద పాలకొండ వెళ్లారు. అమ్మగారు బండివాణ్ని కేకేశారు. సీసాలూ ఇనుమూ తూచుకున్నాడు. మంచం కింద దుప్పటి ఎత్తి చూసి, మళ్లీ దించేశాడు. "అయ్యొద్దమ్మా. ఈటికి ఉల్లిపాయ కాదుగదా, ఉల్లిపొట్టు కూడా రాదు."

సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. పకోడీలు సగమయ్యాక మాస్టారి చూపు ఖాళీ మూలమీద పడింది.

"నాలుగు నెలల సేకరణ! ఆ వ్యాపారస్తుడికా?"

అమ్మగారు ఇంకో నాలుగు వడ్డించారు. ఆయన నమిలారు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగారు.

"ఎంత తూగాయేమిటి?"

"తొమ్మిది కేజీలట."

లేచి పుస్తకం తెచ్చుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని, తేదీ వేసి, 'రీసైక్లింగుకి పంపినవి: 9 కేజీలు' అని రాసి సంతకం పెట్టారు. పక్క గడి రాబడిది. కలం అక్కడిదాకా వెళ్లి ఆగింది. పకోడీల పళ్లెంకేసి ఒకసారి చూసి, ఆ గడి ఖాళీగా ఒదిలేశారు.