పావలా బాబాయిగారు

పావలా బాబాయిగారు ఒక్కరే ఉంటారనుకోకండి. వీధికొకరుంటారు. కొన్ని అపార్టుమెంట్లలో అంతస్తుకొకరు. రాజమండ్రిలో మా వీధి వాటాకు వచ్చినాయన గురించే నేను చెప్పగలను. అసలు పేరు ఇంటిపన్ను రసీదు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. కాఫీ ఇవ్వండి చాలు. తాగే ముందు గ్లాసు వంక ఓసారి చూస్తారు, తాగాక ఇంకోసారి చూస్తారు. "ఎంత పడుతోందయ్యా ఇది?" అంటారు. హోటల్లో కాదు, మన ఇంట్లో, మన పొయ్యి మీద కాచిన కాఫీకి! పొడి, పాలు, పంచదార, గ్యాసు కూడి మనమే ఓ లెక్క చెప్పాలి. చెప్పగానే కళ్లు మూసుకుంటారు. బాధపడుతున్నారని మొదట్లో నేనూ కంగారుపడేవాణ్ణి. లోపల ఆయన పరమానందంగా ఉన్నారు. ఆ తర్వాత వచ్చే మాట కోసమే ఇదంతా. "మా రోజుల్లో..."

ఆ రోజుల్లోని ధరలకు ఓ విశేషం ఉంది. నేను ఈ వీధిలోకి వచ్చిన కొత్తలో ఆయన చిన్నప్పటి ఇడ్లీ ప్లేటు పావలా. నాలుగేళ్లు తిరిగేసరికి అది పదిహేను పైసలయింది. కరోనా తర్వాత బేడకు దిగింది. మొన్న సంక్రాంతికి చూస్తే అణాకు రెండు ప్లేట్లు, చట్నీ అడిగినంత, పైగా హోటలాయన "ఇంకో రెండు వేసుకోండి బాబూ" అని బతిమాలేవాడట. బజార్లో ధరలు ఎక్కుతున్న కొద్దీ బాబాయిగారి జ్ఞాపకంలో ధరలు దిగుతుంటాయి. ఆయన నిండు నూరేళ్లు బతకాలని నా కోరిక. ఈ లెక్కన ఆ హోటలాయన ఇడ్లీ పెట్టి ఎదురు డబ్బులిచ్చే రోజు ఎంతో దూరంలో లేదు.

కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్కు, నేల టిక్కెట్టు సినిమా, 1974లో రోడ్డూ రైలూ కలిపి వంతెన కట్టకముందు కొవ్వూరికి లాంచీ, అన్నిటికీ ఆయన దగ్గర రేటు ఉంది. కూరగాయలకు వస్తే వీశెల్లో, ఏబులాల్లో చెబుతారు. వినేవాడికి ఆ తూకాలు తెలియకపోవడం ఆయనకు కొండంత బలం. వీశె అంటే ఎన్ని గ్రాములో మనం ఫోన్లో వెతికేలోపు ఆయన వంకాయలు దాటి బెండకాయల్లో ఉంటారు.

ఈ జబ్బుకు మూలం ఎక్కడుందో ఆయనే ఒకసారి చెప్పారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అప్పటికి ఈయన పలకా బలపం పట్టుకునే వయసు. రూపాయికి పదహారణాలు, అణాకు ఆరు పైసలు అన్నారు. పదహారు ఆర్లు తొంభై ఆరు. రూపాయికేమో వంద. "మరి ఆ నాలుగు పైసలూ ఏమైనట్టు?" అని ఆయన ఇప్పటికీ అడుగుతారు. పావలాకు పాతిక పైసలు ఇచ్చి ఆ తేడా సర్దారని చెప్పి చూశాను. వినలేదు. ప్రభుత్వం తనకు నాలుగు పైసలు బాకీ అని ఆయన లెక్క. వడ్డీ వేస్తే ఎంతవుతుందో తలచుకుంటేనే భయమేస్తుంది.

ఈ పురాణానికి అడ్డుపుల్ల ఒక్కరే, పిన్నిగారు. ఈయన వరండాలో "అప్పట్లో కిలో పంచదార..." అని ఎత్తుకోగానే వంటింట్లోంచి ఓ గొంతు వస్తుంది.

"దొరికితే కదండీ! మన పెళ్లికి పంచదార పర్మిట్ కోసం మా నాన్న తాలూకాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు."

"అది వేరే సంగతి."

"కిరసనాయిలు లైను వేరే సంగతి. రేషన్ బియ్యంలో రాళ్లు వేరే సంగతి. అయినా మీరెప్పుడు బజారుకెళ్లారు? సంచీ పట్టుకెళ్లింది మామయ్యగారు. మీకు ధరలెలా తెలుసు?"

బాబాయిగారు పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్ల పెళ్లి 1974లో. ఆ ఏడు దేశంలో ధరలు ఏడాది తిరిగేలోగా పాతిక శాతానికి పైగా పెరిగాయి. అంత పెరుగుదల ఆ తర్వాత మళ్లీ మనం చూడలేదు. బాబాయిగారి స్వర్ణయుగానికి నడిబొడ్డు సరిగ్గా ఆ ఏడాదే. పిన్నిగారు వచ్చిన ఏడాది కాబట్టి అలా అనిపిస్తుందేమో. ఈ మాట ఆయనతో అంటే ఒప్పుకోరు, ఆవిడతో అంటే నమ్మరు.

దానవాయిపేటలో స్థలం అప్పట్లో గజం ఎంతకు వచ్చేదో కూడా ఆయన చెబుతారు. "మరి కొనలేకపోయారా బాబాయిగారూ?" అన్నాను. చాలాసేపు ఆలోచించి, "అప్పట్లో అది మరీ ఎక్కువనిపించిందయ్యా" అన్నారు. ఆయన నోట నేను విన్న మాటల్లో పూర్తిగా నిజమైంది ఇదొక్కటే.

జీతం సంగతెత్తితే ఆయనకు చెవుడు వస్తుంది. ఆయన కేంద్ర ప్రభుత్వంలో చేసి రిటైరయ్యారు. 1986లో అమలైన నాలుగో వేతన సంఘం కనీస మూలవేతనం 750 రూపాయలంది. 2016 నుంచి అమలైన ఏడో సంఘం 18,000 అంది. ఇడ్లీ ధర తాతల కాలం నుంచి తెలిసినాయనకు ఈ రెండంకెలు మాత్రం గుర్తుండవు. పెన్షన్ మీద కరువు భత్యం జనవరిలో ఓసారి, జులైలో ఓసారి లెక్కగడతారు. ధరలు ఎంత పెరిగితే భత్యం అంత పెరుగుతుంది. ఆ నెలల్లో బాబాయిగారి అవస్థ చూడాలి. టమాటా రేటు చూసి గుండెలు బాదుకుంటూనే, ధరల సూచీ ఇంకా పెరగలేదేమిటని అలుగుతారు. "రెండు శాతమే ఇచ్చారయ్యా! బయట ధరలు మండిపోతుంటే!" మండకపోతే ఆ రెండూ రావని ఆయనకు తెలియదనుకోను.

చవకైన వస్తువుల ఊసు అసలే ఎత్తరు. ఎస్టీడీ కాలంలో రాత్రి పదకొండు దాటితే పావు చార్జీ అని, జనం నిద్ర కాచుకుని బూత్‌ల ముందు నిలబడ్డారు. 1995లో సెల్‌ఫోన్ వచ్చినప్పుడు నిమిషానికి 16 రూపాయల పైమాటే, మనకొచ్చిన కాల్‌కూ మనమే కట్టుకోవాలి. ఇప్పుడు బాబాయిగారు అమెరికాలో ఉన్న కొడుకుతో రోజూ వీడియోలో గంటసేపు మాట్లాడతారు. విడిగా పైసా ఖర్చు లేదు. ఆ గంటా మాట్లాడేది ఇక్కడ ధరలు ఎలా మండిపోతున్నాయో.

ఒక్క విషయంలో మాత్రం నేనాయన పక్షం. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి, "దీని ధర పెరగలేదు కదండీ" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ప్యాకెట్ విప్పి బిస్కెట్లు ఒక్కొక్కటే బల్ల మీద పరిచారు. "ధర పెరగలేదు. వీళ్లు తగ్గారు" అన్నారు. కంపెనీలు గుట్టుచప్పుడు కాకుండా తూకం తగ్గిస్తుంటే పట్టుకునేది ఇలాంటివారే. వినియోగదారుల ఫోరంలో ఓ కుర్చీ ఇవ్వొచ్చు.

ఇది అంటువ్యాధి కూడా. మా మేనల్లుడికి ముప్ఫై నిండాయి. ఈమధ్య బండిలో పెట్రోలు కొట్టిస్తూ, "మా చిన్నప్పుడు పావలాకు చాక్లెట్, రూపాయికి పుల్ల ఐసు వచ్చేవి మామయ్యా" అని కళ్లు మూసుకున్నాడు. అవే కళ్లు, అదే మూయడం. వాడికి మందు లేదు.

పావలాను ప్రభుత్వం 2011 జూన్ 30తో చెల్లకుండా చేసింది. బాబాయిగారి దగ్గర ఓ గుడ్డసంచీడు పావలాలు అలాగే ఉండిపోయాయి. గడువులోగా బ్యాంకులో ఇచ్చెయ్యమని పిన్నిగారు ఎంత చెప్పినా, "పావలాకు పావలాయే ఇస్తారటే, లాభమేముంది?" అన్నారట. అర్ధరూపాయి మాత్రం చట్టప్రకారం ఇంకా చెల్లుతుంది, దుకాణాల్లోనే చెల్లదు. ఆ అర్ధరూపాయికి ఈ దేశంలో ఇప్పటికీ ఓ వస్తువు వస్తుంది. పోస్టుకార్డు. రాజమండ్రిలో డబ్బాలో వేస్తే కాశ్మీరు దాకా పోతుంది. ఈ మాట చెబితే బాబాయిగారు ఎగిరి గంతేస్తారనుకున్నాను. "ఇప్పుడు కార్డులెవరు రాస్తారయ్యా, వాట్సాప్ ఉండగా" అన్నారు.

మీ వీధి బాబాయిగారి చేతిలో ఓ పది కార్డులు కొనిపెట్టండి, అయిదు రూపాయలే. పాత ధరలన్నీ వాటి మీద రాసి పంపమనండి. మా చిరునామా మాత్రం ఇవ్వకండి.