నూటికి ఒక్కరు

నూటికి ఒక్కరు కొన్నా చాలనుకున్నాను. ఇంగ్లండ్‌లో మేముండే రెడింగ్ ఊరి జనం 2021 జనాభా లెక్కల్లో సుమారు 1,74,000. అందులో నూటికి ఒక్కరు, నెలకి ఒక్క సీసా ఆవకాయ. అంటే 1,740 సీసాలు. సీసా 6 పౌండ్లు. ఎక్సెల్‌లో గడి పట్టుకుని కిందికి లాగితే ఏడాదికి లక్షా పాతిక వేల పౌండ్లు తేలింది. ఆఫీసులో పక్కవాళ్ల అంచనాల్లో రంధ్రాలు వెతికే నేను, "ఇది బాగా తగ్గించి వేసిన లెక్కే సుమా" అని మా ఆవిడతో అన్నాను కూడా.

కొలతలు మా అత్తగారివి, చెయ్యి మా ఆవిడది, లెక్కలు మాత్రం నావి. అక్కడే చెడింది.

ఐ.ఎల్.ఆర్., అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది కాబట్టి సొంత వ్యాపారానికి వీసా అడ్డు లేదు. ఇంటి వంటగదిలో చేసి అమ్మాలన్నా 28 రోజుల ముందే కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. చేసుకున్నాను. ఎలర్జీ తెచ్చేవని ఇక్కడి చట్టం చెప్పే 14 పదార్థాల్లో ఆవాలూ ఉన్నాయి, నువ్వులూ ఉన్నాయి. రెండింటినీ లేబుల్ మీద బొద్దు అక్షరాల్లో వేయించాను. ఇంతవరకూ బుద్ధిమంతుడినే.

తర్వాత అకౌంటెంటు దగ్గరికెళ్లి, "వ్యాట్ పరిమితి 90,000 పౌండ్లు కదండీ, తొమ్మిదో నెలలో దాటేస్తాం, ఏం చేద్దాం?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, ఇప్పటికి ఎన్ని సీసాలు అమ్మారని అడిగాడు. ఇంకా కలపలేదన్నాను.

ఆదర్శం కూడా చిన్నది కాదు. పచ్చళ్ల కంపెనీ పటక్స్! దాన్ని పెట్టిన ఎల్.జి. పాఠక్ 1950ల్లో కెన్యా నుంచి వచ్చి, ఇంటి వంటగదిలో సమోసాలూ మిఠాయిలూ చేసి అమ్మాడు. ఆనక లండన్‌లో యూస్టన్ దగ్గర డ్రమ్మండ్ స్ట్రీట్‌లో కొట్టు పెట్టాడు. 2007లో ఆ కంపెనీని అసోసియేటెడ్ బ్రిటిష్ ఫుడ్స్ కొనుక్కుంది. నేను ఆ కథలో 2007 నాటి చివరి ముక్కే చదివాను. ఆ రుచి ముందే ఎరిగినవాళ్లతో బేరం మొదలైందన్న సంగతి నా కంటికి ఆనలేదు.

అందుకే ఊరంతా కరపత్రాలు. ఫేస్‌బుక్ ప్రకటనలో "వయసు 18 నుంచి 65, రెడింగ్" అని పెట్టాను, వల ఎంత పెద్దదైతే అంత మంచిదని. ఒకావిడ చీజ్‌తో బాగుంటుందా అని అడిగింది. భేషుగ్గా ఉంటుందని రాశాను. మళ్లీ జవాబు లేదు.

పోనీ మనవాళ్లు కొంటారనుకుంటే, పోటీ ప్రియా పచ్చళ్లతో కాదు, హీత్రూలో దిగే ప్రతి అమ్మతోనూ అత్తగారితోనూ! మూడు కవర్లు చుట్టి, టేపు వేసి, చీరల మధ్య పెట్టి తెచ్చిన పచ్చడికి ధర కట్టగలమా? పైగా నెలకో సీసా అట! మా ఇంట్లోనే ఉగాదికి మూత తీసిన సీసా దసరా దాకా వస్తుంది. పిల్లలు ముట్టరు. రోజూ ఆ సీసా ముందే కూర్చుని తింటూ, నెలకొకటి ఖాళీ అవుతుందని లెక్క రాసిన ఘనుణ్ని నేను.

కొన్నవాళ్లు లేకపోలేదు. అద్దె ఇళ్లలో నలుగురైదుగురు కలిసి ఉండే యూనివర్సిటీ పిల్లలు, ఆ ఏడాది ఊరెళ్లలేనివాళ్లు. వాళ్లని పట్టింది నా కరపత్రాలు కాదు. మా ఆవిడ వాట్సాప్ గ్రూపులో "ఆవకాయ కలుపుతున్నా, ఎవరికైనా కావాలా?" అని ఒక్క ముక్క పెట్టింది, చివర మామిడికాయ బొమ్మతో. అది ఎవరి ద్వారానో వాళ్ల ఇళ్లకి చేరింది. వాళ్లకి కావలసింది పావుకిలో. నా సీసాలన్నీ అరకిలోవి.

ఏడాది చివర లెక్కలు పట్టుకెళితే అకౌంటెంటు ఒక్కసారి చూసి, అమ్మకం 1,000 పౌండ్ల లోపే కాబట్టి పన్నుల శాఖ హెచ్.ఎం.ఆర్.సి.కి చెప్పనక్కరలేదన్నాడు. ఫీజూ తీసుకోలేదు. అది మరీ అవమానం.

ఈ వేసవికి మా ఆవిడ ముందే ఆర్డర్లు నోటు పుస్తకంలో రాసుకుంటోంది, ఎవరికి ఎంత కావాలో అడిగి మరీ. నేను పావుకిలో సీసాలు కడుగుతున్నాను. నిన్న ఆ పుస్తకం తెరిచి, ఇలా అన్ని ఊళ్లలోనూ గ్రూపులు పెడితే ఎంతవుతుందోనని వెనక అట్ట మీద గీయబోయాను. పెన్ను లాక్కుంది.